మందు కొట్టించకండి, వయ్యారిభామను పీకించండి

జగ్గయ్యపేట, నందిగామ పట్టణాల్లో ఇళ్ల స్థలాలు కొని ఊరికే వదిలేసినవారికి, వారి ఇరుగుపొరుగుకు, హైవే వెంట గరికపాడు దాకా లేఅవుట్లు వేసినవారికి, వార్డుల్లో గడ్డి తీయించే మునిసిపల్ అధికారులకు ఒక విన్నపం. తొలకరి పడి నెల తిరక్కముందే ఖాళీ స్థలాలన్నీ పచ్చబడతాయి. ఆ పచ్చదనాన్నంతా కలిపి పిచ్చిమొక్కలనేసి, గడ్డి మందు డబ్బా తెచ్చి, ఒక మనిషి చేత కొట్టించేయడం అలవాటైపోయింది. ఈ వానాకాలం ఆ పని మానమని, బదులుగా ఒక్క వయ్యారిభామను మాత్రం పూత రాకముందే వేళ్లతో సహా పీకించమని అడుగుతున్నాను. ఇవి రెండు కోరికలు కావు. వయ్యారిభామను మన పట్టణాల్లో పెంచి పోషిస్తున్నవాటిలో గడ్డి మందు ఒకటన్నది నా వాదన.

ఈ మొక్క అమెరికా ఖండాలది. 1950ల మధ్యలో పుణె దగ్గర దీన్ని గుర్తించారు. దిగుమతి గోధుమలతో వచ్చిందని చాలామంది అంటారు. అవి కాంగ్రెస్ ప్రభుత్వం తెప్పించిన గోధుమలు కాబట్టే కాంగ్రెస్ గడ్డి అన్న పేరు వచ్చిందని కూడా చెబుతారు. మొలిచిన నెల, నెలన్నరకే పూస్తుంది. ఒక్కో మొక్క వేల గింజలు రాలుస్తుంది. అవి గాలికి, వాన నీటికి, లారీ చక్రాలకంటిన బురదతో కూడా ప్రయాణం చేస్తాయి. వాటికి కావలసింది బోడి నేల. గరిక, వెంపలి, తగిరిస దట్టంగా అల్లుకున్న చోట వయ్యారిభామకు ఎండ దక్కదు, తలెత్తడం కష్టం. మందు కొడితే ఆ కాపలా మొక్కలన్నీ మాడిపోతాయి, మట్టిలో ఉన్న వయ్యారిభామ గింజ మాత్రం మాడదు. తర్వాతి వానకు అడ్డు లేని నేలలో ముందుగా లేచేది అదే. లేచాక దాని వేళ్ల నుంచి, కుళ్లిన ఆకుల నుంచి దిగే రసాయనాలు పక్క మొక్కలను ఎదగనివ్వవు. అందుకే మందు కొట్టించిన ప్లాటులోనే మరుసటి ఏడాది అది మరింత గుబురుగా కనిపిస్తుంది, యజమాని మళ్లీ డబ్బా కొంటాడు. జబల్‌పూర్‌లోని కేంద్ర కలుపు పరిశోధన సంస్థ చెప్పే ఉపాయాల్లో ఒకటి దీనికి సరిగ్గా ఎదురు: అక్టోబరు, నవంబరుల్లో తగిరిస గింజలు సేకరించి, ఏప్రిల్, మే నెలల్లో చల్లమని. మన మెట్టలో తగిరిసకు కొదవ లేదు, గింజ కొనాల్సిన పని కూడా లేదు.

ఇది ప్లాటు అందం గొడవ కాదు. వయ్యారిభామ పుప్పొడి తుమ్ములు, ఆయాసం తెస్తుంది, ఆకు తగిలితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. ఊరి అంచున పత్తి, మిరప వేసే రైతులు పట్టించుకోవలసిన సంగతి మరొకటి ఉంది. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను కాండం కుళ్లు వైరస్ తుడిచిపెట్టి వందల కోట్ల నష్టం తెచ్చినప్పుడు, దాన్ని దాచి ఉంచిన మొక్కల్లో ముఖ్యమైనది వయ్యారిభామేనని తేలింది. ఈ మొక్కలో జబ్బు లక్షణాలేవీ కనబడవు. పుప్పొడిలో వైరస్‌ను మోస్తుంది, తామర పురుగులు దాన్ని పంటకు ఎక్కిస్తాయి. అదే వైరస్ పొద్దుతిరుగుడుకూ పత్తికీ సోకుతుంది. పట్టణంలో ఒక ప్లాటు మీద నిర్లక్ష్యం పక్క పొలానికి అప్పు కావచ్చు.

ఇక మందుకు మాడిపోతున్నవాటి సంగతి. వినాయకచవితి ఇరవై ఒక్క పత్రాల్లో గరిక, ఉత్తరేణి, జిల్లేడు, ఉమ్మెత్త, వాకుడు, విష్ణుక్రాంత ఖాళీ స్థలాల మొక్కలే. ఆగస్టులో వాటిని మాడ్చేసి, చవితి ముందురోజు బజారులో పత్రి కట్ట కొంటున్నాం. కట్టలో ఏ ఆకు ఏదో కొనేవారిలో ఎందరికి తెలుసు? పావలికూర, గలిజేరు, చెంచలికూర, పొన్నగంటి నిన్నమొన్నటి దాకా కూరగా వండుకున్నవే. జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఇలా సాగు చేయకుండా దొరికే ఆకుకూరల విలువను లోకానికి గుర్తుచేశారు. (మురుగు కాలువ పక్కనివి, మందు కొట్టిన చోటివి మాత్రం తినకండి.) జిల్లేడు మీద సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి, గడ్డిచామంతి పూల మీద తేనెటీగలు ఏడాది పొడుగునా వాలతాయి.

పాములొస్తాయి కదా అంటారు. వస్తాయి, అవి ఎలుకల కోసం, ఎలుకలు మనం పారేసిన అన్నం కోసం వస్తాయి. చెత్త ఎత్తించి, ఇంటి గోడ వెంబడి, దారి పక్కన మూడడుగుల మేర గడ్డి కోయిస్తే ఈ భయం చాలావరకు తీరుతుంది. దోమలు ఆకుల మాటున సేద తీరుతాయన్నది నిజమే, కానీ పుట్టేది నిలవ నీళ్లలో, కొబ్బరి చిప్పల్లో, పాత టైర్లలో. ఉమ్మెత్త విషం, పిల్లలు తిరిగే గుమ్మం ముందు అది ఉండకూడదు, పీకేయండి. పీకించడానికి కూలి ఖర్చవుతుందన్న మాటనూ కాదనలేను. మొదటి రెండేళ్లు మందు కంటే ఎక్కువే అవుతుంది. అయితే చౌకగా కనిపించే ఆ మందు చాలాచోట్ల గ్లైఫోసేట్. 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం దాన్ని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటి జాబితాలో పెట్టింది. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప ఎవరూ దాన్ని వాడరాదని 2022 అక్టోబరులో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. మాస్కు కూడా లేకుండా ఒక కూలీ వీపున ట్యాంకు పెట్టి కొట్టించడం ఆ ఉత్తర్వు ఉద్దేశం కాదు. ఫ్రాన్సు 2017 నుంచే పార్కులు, వీధుల్లో రసాయన మందులను నిషేధించింది. అక్కడి పట్టణాలు అడవులైపోలేదు.

వయ్యారిభామపై అవగాహన వారాన్ని దేశమంతా ఏటా ఆగస్టు 16 నుంచి 22 దాకా జరుపుతారు. గరికపాడు కృషి విజ్ఞాన కేంద్రం ఆ వారంలో ఒక రోజును పట్టణ కాలనీలకు కేటాయించాలని, ఏ మొక్క పీకాలో ఏది ఉంచాలో చేతికిచ్చి చూపించాలని కోరుతున్నాను. 1984లో బెంగళూరులో తొలిసారి వదిలిన, వయ్యారిభామ ఆకు తిని బతికే మెక్సికన్ పెంకుపురుగును వదలడం మన దగ్గర వీలవుతుందేమో కూడా వారే చెప్పాలి. మునిసిపాలిటీలు గడ్డి మందు కొనే డబ్బుతో కూలీలకు చేతి తొడుగులు, మాస్కులు కొనాలి. ప్లాట్ల యజమానులు ఆగస్టు లోపు ఒక్కసారి వచ్చి చూసుకోవాలి: తెల్లపూలు విచ్చాక పీకిన మొక్క గింజలు చల్లుకుంటూనే పోతుంది, అప్పుడు దాన్ని ఎరువు గుంటలో వేయకూడదు. విచ్చకముందైతే వేయవచ్చు.