స్విచ్ కొనేముందు

ఆడిటోరియానికి డిజిటల్ సౌండు పెట్టాలని మన యూనియన్ తీర్మానించింది. సంతోషమే. అయితే మిక్సరు గురించీ స్పీకర్ల గురించీ గంటసేపు వాదించుకున్నవాళ్లు, నెట్‌వర్క్ స్విచ్ దగ్గరకొచ్చేసరికి "ఏదో చౌకలో చూడండి" అనేశారు. నా అభ్యంతరమల్లా అక్కడే. మైకు నుంచి మిక్సరుకీ, అక్కణ్ణించి స్పీకర్లకీ శబ్దం అంకెలుగా మారి పోయేది దాని గుండానే కదా!

వేగం చాలదని కాదు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ల లెక్కన ఒక చానల్‌కి సెకనుకి 11.52 లక్షల బిట్లు. 64 చానళ్లయినా శబ్దం వరకు 7.4 కోట్ల లోపే. సెకనుకి 100 కోట్లు మోసే గిగాబిట్ స్విచ్‌కి అదొక బరువా!

చిక్కంతా వేళ దగ్గరుంది. 2006లో సిడ్నీలో మొదలైన ఆడినేట్ వారి 'డాంటే' పద్ధతిలో పరికరాలన్నీ ఒకే గడియారం ప్రకారం నడవాలి. కాలవ కింద సేద్యం చేసేవాళ్లకి చెప్పక్కర్లేదు, నీళ్లెన్నున్నా వంతు తప్పితే శివారు చేలు ఎండుతాయి. అందుకే గడియారపు సంకేతాన్ని ముందు, శబ్దాన్ని తర్వాత, మనవాళ్ల సినిమా డౌన్‌లోడ్లను ఆఖర్న వదిలే 'క్యూఓఎస్' ఏర్పాటు ఉండాలి. డాంటే గడియారానికి 56, శబ్దానికి 46 అని గుర్తులేసి పంపుతుంది. ఆ గుర్తుల్ని స్విచ్ పట్టించుకోవాలి.

ఇంకో తంటా, 2010లో ప్రమాణంగా వచ్చిన 'ఈఈఈ' అనే కరెంటు పొదుపు. పని లేనప్పుడు లైను నిద్రపోతుంది, తూము దగ్గర లస్కరు కునుకు తీసినట్టు. అది లేచేలోగా గడియారాలు చెదిరి, పాట మధ్యలో టప్పుమనొచ్చు. మేనేజ్డ్ స్విచ్‌ల్లో సాధారణంగా దీన్ని ఆపేయొచ్చు. చాలా చౌకరకాల్లో ఆపే దారే ఉండదు.

పేరు చూసి లక్షలు పొయ్యమనట్లేదు. అది మన ఫీజుల డబ్బే. కొటేషన్ మీద సంతకం పెట్టేముందు ఈఈఈ ఆపొచ్చా, క్యూఓఎస్ వరస మనం మార్చుకోవచ్చా అని అడగండి. అమ్మేవాడు నీళ్లు నమిలితే ఆ పెట్టె మనకొద్దు.