చదువుకుంటేనే డబ్బు వస్తుందా?

 

దసరా సెలవుల తర్వాత మన తరగతిలో ఇద్దరు తిరిగి రాలేదు. వాళ్ళ ఇంట్లో పెద్దవాళ్ళు "చదివితే డబ్బులొస్తాయా? పనికెళ్తే వస్తాయి" అన్నారట. ఈ మాట మనందరి ఇళ్ళల్లోనూ వినిపిస్తున్నదే. అందుకని దీని మీద నా అభిప్రాయం రాస్తున్నాను.

డబ్బు సంపాదించాలంటే బడి చదువు ఉండి తీరాలని నేను అనను. మా అయ్య, అమ్మ బడి గుమ్మం తొక్కలేదు. అయినా మమ్మల్ని నలుగురిని పెంచారు. ఏ కొండ మీద ఏ నెలలో ఏమి దొరుకుతుందో మా అమ్మకి తెలుసు. సోలలు, మానికలు, అడ్డలు, కుంచాల లెక్క కాగితం లేకుండా చెప్పేస్తుంది. అదీ చదువే. ఇంకోవైపు పదో తరగతి పాసై, సర్టిఫికెట్ పెట్టెలో దాచుకుని ఊరికే తిరుగుతున్న అన్నలు కూడా మన ఊళ్ళల్లో ఉన్నారు. కాగితం ఒక్కటే అన్నం పెట్టదు.

చదువు అక్కర్లేదనేవాళ్ళు ధీరూభాయ్ అంబానీ గారి పేరు చెప్తారు. ఆయన కాలేజీకి వెళ్ళని మాట నిజమే. మెట్రిక్ తర్వాత ఏడెన్ వెళ్ళి పనిచేశారు, తిరిగొచ్చి రిలయన్స్ కంపెనీ పెట్టారు. కాని తన ఇద్దరు కొడుకులనీ పై చదువులకి అమెరికా పంపించారు. చదువు దండగ అనుకుంటే ఎందుకు పంపుతారు? ఇంకొక సంగతి. మెట్రిక్ అంటే పదో తరగతి. మన ఊళ్ళల్లో చాలామంది ఆడపిల్లలకి ఆ పదో తరగతే ఇంకా అందలేదు.

నా ఆలోచన ఏమిటంటే, సంపాదించడం వేరు, సంపాదించింది చేతిలో నిలుపుకోవడం వేరు. కష్టం చెయ్యడంలో మనవాళ్ళు ఎవరికీ తీసిపోరు. మన డబ్బు కొండ మీద పోవడం లేదు. సంతలో కాటా దగ్గర, సావుకారు కాగితం దగ్గర పోతున్నది.

ఒక లెక్క చూడండి. అమ్మ 40 కిలోల చింతపండు మోసుకుని సంతకి వెళ్ళింది అనుకుందాం. కిలో 30 రూపాయలు. రావలసింది 1200. కాటా 36 కిలోలే చూపిస్తే చేతికి 1080 వస్తుంది. కాటా మీద అంకె చదవడం రాకపోతే 120 రూపాయలు పోయినట్టే తెలియదు. అప్పు సంగతి ఇంకా ఘోరం. నూటికి నెలకి 5 రూపాయలు అంటే చిన్నదిగానే వినిపిస్తుంది. 1000 రూపాయలు తెస్తే సంవత్సరానికి వడ్డీయే 600! ఈ లెక్క మనం తరగతిలో చేసినదే. ఇంటి దగ్గర మాత్రం ఎవరూ చెయ్యరు.

అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంతకు ముందే 2017లో ప్యారిస్ నగరంలో అరకు పేరుతో కాఫీ దుకాణం తెరిచారు. పండించేది మనవాళ్ళే. అయితే తోట పూత మీద ఉండగానే అడ్వాన్సు తీసుకుని రేటుకి ఒప్పుకుంటే, పంట నాటికి రేటు పెరిగినా మనకి రాదు. గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది. ఆ సంస్థ రేటు ఎంతో బోర్డు మీద చదవగలిగితే సావుకారు చెప్పిన రేటుతో పోల్చుకోవచ్చు.

చట్టాలు కూడా అంతే. ఏజెన్సీలో భూమి గిరిజనేతరులకి అమ్మితే చెల్లదని 1970లో వచ్చిన 1/70 చట్టం చెప్తుంది. తేనె, అడ్డాకులు సేకరించి అమ్ముకునే హక్కు 2006 అటవీ హక్కుల చట్టంలో ఉంది. కాని ఏమి రాసి ఉందో తెలియకుండా వేలిముద్ర వేస్తే చట్టం ఉన్నా మనకి తెలిసేసరికి ఆలస్యమైపోతుంది. ఇప్పుడు డబ్బు బ్యాంకులో పడుతున్నది, ఫోనుకి మెసేజ్ వస్తున్నది. అది చదవడానికి కూడా ఇంకొకరిని బతిమాలాలా?

ఇంట్లో అన్నని చదివించి చెల్లిని మానిపిస్తారు. మరి సంతకి సరుకు మోసుకెళ్ళి బేరం చేసేది ఎక్కువగా ఎవరు? అమ్మలే కదా! అలాంటప్పుడు లెక్క ముందు ఎవరికి రావాలి?

మేడమ్ గారికి, మాష్టార్లకి ఒక మనవి. నెలలో ఒక ఆదివారం మాకు కాటా చూడడం, వడ్డీ లెక్క కట్టడం, బ్యాంకు పాసుపుస్తకం చదవడం నేర్పించండి. తల్లిదండ్రులు మమ్మల్ని చూడడానికి వచ్చిన రోజున మేమే వాళ్ళకి చేసి చూపిస్తాం. చదువు వల్ల ఏమొస్తుందో అప్పుడు వేరే చెప్పక్కర్లేదు.

స్నేహితులారా, చదివినవాళ్ళందరికీ ఉద్యోగం వస్తుందని నేను చెప్పలేను. రాకపోయినా మన కష్టానికి తగిన రూపాయి మన ఇంటికి చేరాలంటే చదువు కావాలి. అలాగని చదువుకున్నాం కదా అని కొండ పని చిన్నతనం అనుకోకూడదు. రెండూ వచ్చినవాళ్ళని మోసం చెయ్యడం ఎవరికైనా కష్టం.

దీనికి ఒప్పుకోనివాళ్ళు వచ్చే నెల పత్రికలో తప్పకుండా రాయండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని