చలికి ముందు చేతులెత్తేసేది ఫోనే!

డిసెంబరు చివర్లో ప్రాగ్‌లో సాయంత్రం నాలుగింటికే పొద్దు వాలిపోతుంది. చార్లెస్ వంతెన మీద ఒక్కణ్నే ఫొటోలు తీసుకుంటుంటే, 30 శాతం చార్జింగ్ ఉన్న ఫోన్ టక్కున ఆగిపోయింది. మ్యాప్, హాస్టల్ అడ్రస్, ట్రామ్ టికెట్... అన్నీ అందులోనే! గడ్డకట్టే చలిలో లిథియం బ్యాటరీలో రసాయన చర్యలు మందగిస్తాయి, అంతర్గత నిరోధం పెరుగుతుంది. ఇంజినీరింగ్‌లో చదువుకున్నదే మరి! అదే చలిలో 1410 నాటి ఖగోళ గడియారం మాత్రం ఇంకా నడుస్తోంది. కేఫ్‌లో అరగంట కూర్చుని వెచ్చబడ్డాకే నా ఫోన్ ఆన్ అయింది.

ఒంటరిగా వెళ్లొద్దని అనను, తప్పకుండా వెళ్లండి. ఫోన్ కోటు లోపలి జేబులో ఉండాలి. మంచులా చల్లబడి ఉండగా చార్జింగ్ పెడితే బ్యాటరీ శాశ్వతంగా దెబ్బతింటుంది. హాస్టల్ అడ్రస్ కాగితం మీద రాసి పర్సులో పెట్టుకోండి. నాన్న ఈ మాటంటే నవ్వేశాను నేను.