వేగవంతమైన విద్యుత్ లింకులలో మాడ్యులేషన్, రిసీవరు ఎంపిక

ఒక చిప్పు నుండి మరొక చిప్పుకు రాగి మార్గం ద్వారా అతివేగంగా సమాచారాన్ని చేరవేసే ఏర్పాటును విద్యుత్ లింకు అంటారు. హైదరాబాదులోని చిప్ రూపకల్పన కేంద్రాలకు ఇది నిత్యావసర విషయం. అక్కడ కేంద్రం గల జైలింక్స్ సంస్థను 2022లో ఏఎండీ విలీనం చేసుకున్నది.

మాడ్యులేషన్

ఎన్‌ఆర్‌జెడ్ పద్ధతిలో 2 స్థాయిలు, పామ్-4లో 4 స్థాయిలు ఉంటాయి. పామ్-4లో ఒక్కొక్క సంకేతం 2 బిట్లను మోస్తుంది. సెకనుకు 106.25 గిగాబిట్ల వేగానికి నైక్విస్ట్ పౌనఃపున్యం ఎన్‌ఆర్‌జెడ్‌లో 53.1, పామ్-4లో 26.6 గిగాహెర్ట్జ్. పౌనఃపున్యం పెరిగినకొద్దీ రాగిలో నష్టం పెరుగుతుంది కనుక ఇది లాభమే. అయితే స్థాయిల మధ్య అంతరం మూడో వంతుకు, అనగా సుమారు 9.5 డెసిబెల్ మేరకు తగ్గుతుంది. నష్టంలో ఆదా ఇంతకు మించినప్పుడే పామ్-4 మేలు. 2014 నాటి ఐఈఈఈ 802.3బీజే ప్రమాణం రెండు పద్ధతులకూ చోటిచ్చింది. 2022లో వెలువడిన పీసీఐ ఎక్స్‌ప్రెస్ 6.0, 802.3సీకే ప్రమాణాలు పామ్-4నే స్వీకరించాయి.

రిసీవరు

రిసీవరులోని సీటీఎల్ఈ హెచ్చు పౌనఃపున్యాలను పెంచుతుంది. వాటితోపాటు రొద కూడా పెరుగుతుంది. డీఎఫ్ఈ రొదను పెంచదు, కాని ఒక తప్పుడు నిర్ణయం తరువాతి నిర్ణయాలనూ చెడగొట్టగలదు. అందువలన ట్యాపుల సంఖ్యకు, విలువలకు హద్దులు పెట్టి, దోష సవరణ సంకేతాన్ని జోడిస్తారు.

విశ్లేషణ

802.3బీజే ప్రవేశపెట్టిన ఛానెల్ ఆపరేటింగ్ మార్జిన్ కొలత ప్రకారం, ఒక ప్రామాణిక రిసీవరుతో కనీసం 3 డెసిబెల్ మిగులు ఉండాలి. తయారు చేయ వీలులేనంత గొప్ప రిసీవరును ఊహించుకుంటే కాగితం మీద ప్రతి బోర్డూ నెగ్గుతుంది. లోపం బోర్డు తయారైన తరువాతనే బయటపడుతుంది. కనుక నిజంగా నిర్మించగల రిసీవరు విలువలనే విశ్లేషణకు ఎంచుకోవాలి.