నాలుగు నిమిషాల ఖాళీ రోడ్డు

హైదరాబాదులో సైకిలు తొక్కడానికి చోటు లేదు అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. చోటుంది. పొద్దున్నే ఐదున్నరకి బయల్దేరితే గండిపేట దాకా వెళ్ళి, ఓ టీ తాగి, ఎనిమిది లోపు ఇంటికొచ్చి, తడి జుట్టుతో స్టాండప్ కాల్‌లో కూర్చోవచ్చు. లేనిదల్లా ఇంటర్వెల్స్ చేయడానికి చోటు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది నెక్లెస్ రోడ్డు మీదా, ఔటర్ పక్కన వేసిన సైకిల్ ట్రాక్ మీదా తల వంచుకుని రాకెట్లలా దూసుకుపోతున్నారు. నా గొడవంతా వాళ్ళతోనే.

తెలియని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో. కొంతసేపు ఊపిరాడనంత గట్టిగా తొక్కాలి, కొంతసేపు మెల్లగా తొక్కుతూ ఊపిరి తీసుకోవాలి, మళ్ళీ మొదలుపెట్టాలి. అంతే. రోజుకి పది గంటలు కుర్చీకి అతుక్కుపోయే మనకి ఇది ఎందుకు నచ్చుతుందంటే టైము కలిసొస్తుంది కాబట్టి. వారానికి రెండు సార్లు, గంట చొప్పున చాలు. బాగా ప్రచారంలో ఉన్నవి రెండు రకాలు. ఒకటి నార్వే వాళ్ళ 4×4. గుండె గరిష్ఠంగా కొట్టుకునే రేటులో 90-95 శాతం దగ్గర నాలుగు నిమిషాలు, ఆ తరవాత మూడు నిమిషాలు తీరిక, ఇలా నాలుగు సార్లు. రెండోది తబాటా. 20 సెకన్లు తొక్కడం, 10 సెకన్లు ఆగడం. దీని గురించి జిమ్ముల్లో తెగ ఊదరగొడతారు గానీ ఒక సంగతి మాత్రం చెప్పరు. 1996లో పేపరుగా వచ్చిన ఆ జపాన్ పరిశోధన రోడ్డు మీద చేసింది కాదు. గదిలో, కదలకుండా బిగించిన సైకిలు మీద చేసింది. ఈ పాయింటు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికి వస్తాను.

ఇప్పుడు కాసేపు లెక్కలు. ఇంజనీరింగు చదివినందుకు ఎప్పుడైనా ఒకసారి వాడాలి కదా :)

మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు అనుకుందాం. పెడల్ మీద 250 వాట్లు పెడుతున్నాడనుకుందాం. ఎదురుగాలి లేని చదును రోడ్డు మీద ఇది దాదాపు గంటకి 36 కి.మీ. వేగం. అంటే సెకనుకి 10 మీటర్లు. నాలుగు నిమిషాలకి 2,400 మీటర్లు. అంటే మీకు కావాల్సింది సిగ్నలు, యూ టర్ను, స్పీడ్ బ్రేకరు, రాంగ్ రూట్లో వచ్చే స్కూటీ, డివైడరు మధ్యలోంచి దూకే మనిషి.. ఇవేమీ లేని రెండున్నర కి.మీ. రోడ్డు. కొండాపూర్ నుంచి గచ్చిబౌలి దాకా అలాంటిది ఎక్కడైనా ఉంటే నాకు చూపించండి, బిర్యానీ నా ఖర్చు.

అదే వేగంలో ఒక కుక్కపిల్ల అడ్డొచ్చిందనుకోండి. చూసి, బుర్రకెక్కి, బ్రేకు మీదకి వేళ్ళు వెళ్ళేసరికి ఒక సెకను, అంటే 10 మీటర్లు. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులుంటే ఆగడానికి ఇంకో 10. మొత్తం 20 మీటర్లు. ఆ ఒక్క సెకను అనేది కూడా తీరిగ్గా తొక్కే మనిషి లెక్క. నాలుగో ఇంటర్వెల్ ఆఖరి నిమిషంలో మనిషికి కనపడేది ముందు చక్రం, వాచీలో సెకన్లు, ఈ రెండే. చుట్టూ ప్రపంచం ఉందన్న స్పృహ ఉండదు. నిజానికి ఆ స్పృహ ఉందంటే ఇంటర్వెల్ సరిగ్గా చేయట్లేదనే అర్థం. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ట్రాఫిక్‌లో తొక్కడానికి ఏది తప్పనిసరో, ఈ వ్యాయామం ముందు దాన్నే లాగేసుకుంటుంది.

కాబట్టి చోటు వెతికేటప్పుడు రోడ్డు నున్నగా ఉందా, చెట్లున్నాయా, పొడుగెంత అన్నవి కాదు చూడాల్సింది. ఇక్కడ ఎవరెవరు, ఎటు నుంచి అడ్డు రావచ్చు? ఇదొక్కటే ప్రశ్న.

ఈ ప్రశ్న పట్టుకుని మన సైక్లిస్టులకి ఇష్టమైన చోట్లు చూద్దాం. నెక్లెస్ రోడ్డు: నడిచేవాళ్ళు, ఫోటోలు దిగేవాళ్ళు, బెలూన్లు అమ్మేవాళ్ళు, తాతయ్య చెయ్యి విడిపించుకుని పరిగెత్తే మూడేళ్ళ పిల్లలు. కుదరదు. కె.బి.ఆర్. పార్కు చుట్టూ రోడ్డు: లోపల ట్రాక్ మీద నడిచేవాళ్ళంతా కార్లు ఆపుకునేది బయటి రోడ్డు మీదే. డ్రైవరు వైపు తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందో దేవుడికే తెలియాలి. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్: రోడ్లు వెడల్పే, కానీ పక్కన ఏదో ఒక టవరు లేస్తూనే ఉంటుంది. కాంక్రీటు లారీల నుంచి కారిన ముద్దలు గట్టిపడి రోడ్డు మీద గుట్టల్లా ఉంటాయి. ఉస్మానియా యూనివర్సిటీలో 2002 జాతీయ క్రీడల కోసం కట్టిన వెలోడ్రోమ్ ఉంది గానీ, అది బ్రేకులు లేని ట్రాక్ సైకిళ్ళతో సాధన చేసే క్రీడాకారుల కోసం కట్టింది. నాలాంటి వాడు ఊరి ఈ చివరి నుంచి ఆ చివరికి ఆఫీసు టైములోపు వెళ్ళిరావడం ఎలాగూ జరగని పని.

ఇక ఔటర్. అసలు ఔటర్ మీదకి మోటారు సైకిళ్ళనే రానివ్వరు, మనల్ని ఎందుకు రానిస్తారు. సర్వీసు రోడ్డు మాత్రం నా లెక్కలో ఊళ్ళో ఉన్నవాటిల్లో నయం. ఒక వైపు కంచె ఉంటుంది కాబట్టి ఆ వైపు నుంచి ఎవరూ రారు, అంటే సగం సమస్య అక్కడే పోయినట్టు. రెండు ఇంటర్‌ఛేంజిల మధ్య ముక్క చూసుకుని, ముందు రెండు మూడు సార్లు మామూలు వేగంతో తొక్కి, ఎక్కడ ఊరి దారి కలుస్తోంది, ఎక్కడ గేదెలు దాటుతాయి, ఏ మలుపు దగ్గర కుక్కల గుంపు ఉంది, ఇవన్నీ గుర్తుపెట్టుకోవాలి. టెస్టింగు లేకుండా ప్రొడక్షన్‌లోకి వెళ్ళకూడదు.

అదే ఔటర్ పక్కన 2023 అక్టోబరు 1న 23 కి.మీ. సైకిల్ ట్రాక్ ప్రారంభించారు కదా, పైన సోలార్ పలకల కప్పుతో, నాలుగున్నర మీటర్ల వెడల్పుతో. మరి అక్కడ చేసుకోవచ్చు కదా అంటారు. ఇక్కడే నాకు మిగతా వాళ్ళతో పేచీ. ఆ ట్రాక్ కట్టిందే కార్లంటే భయపడే వాళ్ళ కోసం. ఈ మధ్యే పక్క చక్రాలు తీసేసిన ఆరేళ్ళ పిల్ల, యాభై ఏళ్ళకి మళ్ళీ సైకిలెక్కిన ఆంటీ, నలుగురు వరసగా తొక్కుతూ కబుర్లాడుకునే కాలేజీ కుర్రాళ్ళు.. వాళ్ళ ట్రాక్ అది. వాళ్ళ మధ్యలోంచి 36 కి.మీ. వేగంతో "సైడ్! సైడ్!" అని అరుచుకుంటూ పోయేవాడికీ, మనల్ని హారన్ కొట్టి పక్కకి తోసే ఎస్.యు.వి. వాడికీ తేడా ఏంటో నాకు ఎవరైనా చెప్పాలి. రోడ్డు మీద బలహీనుణ్ణని వారమంతా ఏడ్చి, ఆదివారం బలవంతుణ్ణయ్యే చోటు వెతుక్కోవడం ఏం న్యాయం?

సైకిలు తగిలితే ఏమవుతుందిలే అనుకోవద్దు. లండన్‌లో రీజెంట్స్ పార్క్ చుట్టూ ఉన్న రోడ్డు అక్కడి సైక్లిస్టులకి మన నెక్లెస్ రోడ్డు లాంటిది, పొద్దున్నే గుంపులు గుంపులుగా రౌండ్లు కొడతారు. 2022లో కుక్కని తీసుకుని రోడ్డు దాటుతున్న 81 ఏళ్ళ పెద్దావిడని అలా రౌండ్లు కొడుతున్న సైకిలు ఒకటి గుద్దింది. అక్కడ వాహనాల పరిమితి గంటకి 20 మైళ్ళు. ఆ గుంపు వేగం 25 నుంచి 29 మైళ్ళు. ఆవిడ రెండు నెలలు ఆస్పత్రిలో ఉండి చనిపోయారు. వేగ పరిమితి సైకిళ్ళకి వర్తించదు కాబట్టి కేసు నడవలేదు. చట్టం ఒప్పుకుంది కాబట్టి సరిపోయిందని నేనైతే అనుకోలేను.

సరే, తిట్టడం అయింది. మరి ఏం చేయాలి?

నా జవాబు: ఎత్తు ఎక్కండి. మళ్ళీ పాత లెక్కే. అదే 80 కిలోలు, అదే 250 వాట్లు. నూటికి ఆరు మీటర్లు లేచే ఎక్కుడు మీద వేగం 16 కి.మీ. దగ్గరికి పడిపోతుంది. గుండెకి తేడా తెలియదు, అది అదే పని చేస్తుంది. తేడా తెలిసేది ఎదుటివాడికి. ఎవరైనా అడ్డొస్తే ఏడు మీటర్ల లోపు ఆగిపోతారు. ఒకవేళ తగిలినా అందులో ఉండే శక్తి చదును రోడ్డు మీదున్న దాంట్లో ఐదో వంతు. నాలుగు నిమిషాలకి కావాల్సిన పొడుగు కూడా రెండున్నర కి.మీ. నుంచి కిలోమీటరు పైచిలుకుకి తగ్గిపోతుంది. ఆ కిలోమీటరూ బ్రేకులు పట్టుకుని 22 కి.మీ. వేగంతో దిగితే సరిగ్గా మూడు నిమిషాలు. మీ తీరిక సమయం అదే. ఇంతకంటే చక్కగా కుదిరే లెక్క నేను ఈ మధ్య చూడలేదు.

అయితే మన ఊళ్ళో అంత పొడుగు ఎక్కుడు దొరకదు. మనవి బండరాళ్ళ గుట్టలు, ఎత్తులన్నీ పొట్టివి. జూబ్లీహిల్స్ లోపలి వీధుల్లో మూడు నాలుగు వందల మీటర్లది దొరికితే గొప్ప. 400 మీటర్లంటే 16 కి.మీ. వేగంలో 90 సెకన్లు. ఫరవాలేదు, నాలుగు నిమిషాలవి నాలుగు బదులు 90 సెకన్లవి ఎనిమిది చేయండి. రోడ్డు ఎంత ఇస్తే ప్లాను అంతే ఉండాలి. విశాఖ వాళ్ళు అదృష్టవంతులు, సింహాచలం, కైలాసగిరి ఘాట్ రోడ్లు వాళ్ళ గుమ్మంలో ఉన్నాయి. మనకి వికారాబాద్ అనంతగిరి ఉంది గానీ అది సెలవు రోజు సంగతి. వీధి ఎంచుకునేటప్పుడు ఇళ్ళ గేట్లు ఎడమ వైపు తక్కువున్నది చూసుకోండి. వాచ్‌మన్లని ముందే పలకరించి పెట్టుకోండి. నేను చేసే వీధిలో ఒక పెద్దాయన మొదటి వారం నన్ను చూసి చూసి, ఐదో రౌండులో ఆపి మరీ అడిగాడు, "ఏమన్న పోగొట్టుకున్నరా సార్?" అని. ఇప్పుడు ఆయనే రౌండ్లు లెక్కపెడతాడు. ఒకటి తగ్గితే ఊరుకోడు.

టైము గురించి ఒక మాట. తెల్లవారుజామున రోడ్లు ఖాళీ కాబట్టి భద్రం అనుకోవడం సగమే నిజం. ఖాళీ రోడ్డు మనకెంత ఇష్టమో గట్టిగా కారు తోలేవాడికీ అంతే ఇష్టం. 2023 జూలైలో బండ్లగూడ దగ్గర పొద్దున నడకకి వెళ్ళిన తల్లీకూతుళ్ళని వేగంగా వచ్చిన కారు గుద్ది చంపేసింది. వాళ్ళు నడుస్తున్నది రోడ్డు అంచునే. అందుకని నేను చీకట్లో ఇంటర్వెల్స్ చేయను. మే నెలలో ఐదూ నలభైకి తెల్లారిపోతుంది గానీ, జనవరిలో సూర్యుడు రావడానికి ఆరూ నలభై ఐదు అవుతుంది. ఆ ఒక గంట తేడాని ఆఫీసు క్యాలెండరు క్షమించదు, చలికాలం ఇబ్బందే. ఇంకోటి, శని ఆదివారాలు వద్దు. రాత్రి పార్టీలు ముగించుకుని ఇళ్ళకి వెళ్ళే కార్లు, మనం బయల్దేరే టైము ఒకటే. మంగళ, గురువారాలు మేలు.

మరి చదును మీద పూర్తి నాలుగు నిమిషాలే కావాలి, తబాటానే కావాలి అంటే? ఇంట్లో చేయండి. వెనక చక్రం బిగించే ట్రైనరు, కింద మందపాటి రబ్బరు చాప (కింది ఫ్లాటు వాళ్ళు ఎంత మంచివాళ్ళయినా సరే ఇది తప్పదు), ఎదురుగా పెద్ద ఫ్యాను. ఫ్యాను లేకుండా చేస్తే పది నిమిషాల్లో నేల మీద మడుగు కడుతుంది. బోరు కొడుతుంది, నిజమే. గోడని చూస్తూ తొక్కడంలో ఆనందం ఏమీ లేదు. కానీ గుండె 90 శాతం దాటాక కళ్ళకి గోడా ఒకటే, గండిపేటా ఒకటే అని ఇందాకే అనుకున్నాం. కళ్ళు మూసుకుని చేయాల్సిన పని కళ్ళు మూసుకోగలిగే చోట చేయాలి. తబాటా గారు కూడా తన పరిశోధన గదిలోనే చేశారు మరి.

ఇదంతా మనం సర్దుకోవడం. ఊరు కూడా కొంచెం సర్దుకోవచ్చు అనిపిస్తుంది, దానికి కోట్లు అక్కర్లేదు. విశాఖలో బీచ్ రోడ్డుని పొద్దున్నే కొంతసేపు వాహనాలకి మూసేసి నడిచేవాళ్ళకి వదిలేస్తారు. ఖర్చు నాలుగు బారికేడ్లు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్ళలో చాలామంది కన్యాడా రోడ్డు మీద తొక్కే ఉంటారు. అక్కడా అంతే, ఆదివారాలు ఆ రోడ్డులో ఒక ముక్క కార్లకి బంద్. మన ఫైనాన్షియల్ డిస్ట్రిక్టులో ఆఫీసులు తెరవక ముందు వారానికి రెండు రోజులు, ఒక్క రోడ్డు, ఒక్క వైపు, ఒక్క గంట ఇలా మూస్తే ఎవరి కొంప మునుగుతుంది?

దానికంటే తేలికైంది ఇంకోటుంది. పెద్ద కంపెనీల క్యాంపస్‌ల లోపల రింగు రోడ్లు ఉంటాయి. నున్నగా, లైట్లతో, సెక్యూరిటీతో, కుక్కలు లేకుండా. పొద్దున ఆరు నుంచి ఏడు దాకా వాటి మీద ఈగ కూడా ఉండదు. అందులో పనిచేసే వాళ్ళనైనా ఆ గంట తొక్కుకోనిస్తే చాలు కదా. వెల్‌నెస్ వీక్ అని ఏడాదికోసారి టీ షర్టులు పంచే డబ్బుతో పోలిస్తే ఇది ఉచితం. మా ఆఫీసులో అడిగాను. సైకిలు గేటు నుంచి పార్కింగ్ దాకా నడిపించుకుంటూ తీసుకెళ్ళాలి, లోపల తొక్కకూడదు, అది సేఫ్టీ పాలసీ అన్నారు. గేటు బయట రోడ్డు సంగతి ఆ పాలసీలో లేదు. ఐదుగురం కలిసి, వారానికి రెండు రోజులు, హెల్మెట్ తప్పనిసరి, ఎవరి పూచీ వాళ్ళదే అని రాసి మళ్ళీ మెయిల్ పెట్టాం. టికెట్ ఇంకా ఓపెన్‌లోనే ఉంది.