పేగు ఆపరేషన్: అడగడానికి సిగ్గెందుకు?



గత మే నెలలో మేము గోదావరిఖనికి వెళ్ళినప్పుడు ఒక రోగిని పరామర్శించాము. ఆయన ఇరవై ఏళ్ళకు పైగా భూగర్భ గనిలో పనిచేసిన సింగరేణి కార్మికుడు. పురీషనాళంలో క్యాన్సర్ కణితి ఉన్నదని తేలడంతో హైదరాబాదులో శస్త్రచికిత్స చేసి ఆ భాగాన్ని తొలగించారు. లోపలి కుట్లు మానేవరకు మలం అటు వెళ్ళకుండా చిన్నపేగును పొట్ట కుడివైపున బయటికి తెచ్చి, దానిపై సంచి అమర్చారు. కొన్ని నెలల తరువాత మరో ఆపరేషన్‌తో దానిని తిరిగి లోపల కలుపుతామని వైద్యులు చెప్పారు.

ఆపరేషన్ సఫలమైంది. కాని ఆ ఇంట సంతోషం కనిపించలేదు. ఆయన వెనుక గది దాటి రావడం లేదు. జుమాకు వెళ్ళడం మానుకున్నారు. సంచి నిండుతుందన్న భయంతో తిండి తగ్గించారు, నీళ్ళు మరీ తగ్గించారు. రామగుండం ఎండలు ఎటువంటివో పాఠకులకు చెప్పనక్కరలేదు. చాలాసేపు కూర్చున్న తరువాత గాని ఆయన మనసులోని మాట బయటికి రాలేదు. “ఈ సంచితో నమాజు చెల్లుతుందా జనాబ్?” అని అడిగారు. రెండు నెలలుగా ఆ ప్రశ్నను ఆయన ఎవరి ముందూ పెట్టలేదు.

అడిగిన సహచరుడు

హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) మొలల వ్యాధితో బాధపడేవారు. ఆ స్థితిలో నమాజు ఎలా చేయాలని ఆయన నేరుగా దైవప్రవక్త (స)నే అడిగారు. నిలబడి చేయాలని, అది సాధ్యం కాకపోతే కూర్చుని, అదీ సాధ్యం కాకపోతే ప్రక్కకు ఒరిగి చేయాలని ప్రవక్త (స) బోధించారు. ఈ ఉదంతం సహీహ్ బుఖారీలో ఉంది. ఆ సహచరుడు సిగ్గుపడి ఊరుకోలేదు. ఆయన అడిగిన ఒక్క ప్రశ్న ఈనాటికీ కోట్లాది రోగులకు దారి చూపుతున్నది.

అలాగే ఎడతెగని రక్తస్రావంతో బాధపడిన ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి)కు ప్రతి నమాజుకు వుజూ చేసుకోవాలని ఆదేశం లభించింది. తన అదుపులో లేని స్రావం ఉన్నవారిని ధర్మవేత్తలు ‘మాజూర్’ అంటారు. హనఫీ ఫిఖహ్ ప్రకారం అటువంటివారు ప్రతి నమాజు వేళ ప్రవేశించాక వుజూ చేసుకుంటే, ఆ వేళ ముగిసేవరకు ఆ స్రావం వల్ల వుజూ భంగం కాదు. సంచిలోనికి మలం రావడం రోగి చేతిలో లేదు. కనుక నమాజుకు ముందు సంచి ఖాళీ చేసుకుని, శుభ్రపరచుకుని, వుజూతో నిలబడాలి. తన పరిస్థితిని బట్టి వివరాలను స్థానిక ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవాలి. నమాజు మానుకోవడానికి మాత్రం ఇది కారణం కాదు.

ఆపరేషన్‌కు ముందు

తేదీ ఖరారైన నాటినుండే సన్నద్ధత మొదలు కావాలి. బీడీ, సిగరెట్, గుట్కా వెంటనే మానాలి. పొగ గాయాన్ని త్వరగా మాననివ్వదు. బొగ్గు ధూళి పీల్చిన ఊపిరితిత్తులున్నవారు శ్వాస వ్యాయామాన్ని అశ్రద్ధ చేయరాదు. గాలి పీల్చి మూడు బంతులను పైకి లేపే చిన్న పరికరాన్ని ముందే తెచ్చుకుని సాధన చేయాలి. రోజూ నడవాలి. రక్తహీనత ఉంటే సరిచేయించుకోవాలి. రక్తం పలచబరిచే మాత్రలు, షుగరు మందుల సంగతి వైద్యునికి తప్పక చెప్పాలి.

సంచి అవసరమయ్యే అవకాశం ఉంటే అది ఎక్కడ రావాలో ఆపరేషన్‌కు ముందే పొట్టపై గుర్తు పెట్టమని అడగాలి. కూర్చున్నప్పుడు, రుకూలో వంగినప్పుడు, సజ్దా చేసినప్పుడు చర్మం ఎక్కడ ముడతపడుతుందో వారికి చూపించాలి. పైజామా నాడా, లుంగీ ముడి పడే చోటు కూడా చెప్పాలి. ముడతలో పడిన సంచి అతుకు ఊడి కారుతుంది. ఈ ఒక్క ముందుచూపు తరువాతి ఎన్నో బాధలను తప్పిస్తుంది.

ఆసుపత్రి నుండి ఇంటికి

ఆపరేషన్ అయిన మరునాడే లేపి నడిపిస్తారు. అది కఠినత్వం కాదు. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా, పేగు తిరిగి కదిలేలా చేసే చికిత్సలో భాగం.

హైదరాబాదు మనకు 200 కిలోమీటర్లకు పైగా దూరం. ప్రతి సందేహానికీ అక్కడికి పరుగెత్తలేము. కనుక సంచి మార్చడం రోగి, ఇంటివారిలో మరొకరు నర్సు ఎదుటే చేసి చూపి, ఆ తరువాతే డిశ్చార్జి కావాలి. కొన్ని వారాలకు సరిపడా సంచులు వెంట తెచ్చుకోవాలి. బయటికి తెచ్చిన పేగు పెదవి లోపలి చర్మంలా ఎర్రగా, తడిగా ఉంటుంది. తాకితే నొప్పి ఉండదు. మొదటి ఆరు నుండి ఎనిమిది వారాలలో అది చిన్నదవుతుంది కనుక సంచి రంధ్రాన్ని మళ్ళీ కొలిచి కత్తిరించుకోవాలి. మూడవ వంతు నిండగానే ఖాళీ చేయాలి.

చిన్నపేగుకు సంచి ఉన్నవారు నీళ్ళు తగ్గించడం ప్రమాదకరం. నీటితోపాటు ఉప్పు కూడా పోతుంది కనుక వైద్యుడు చెప్పిన మేరకు ఓఆర్‌ఎస్ త్రాగాలి. మూత్రం ముదురు రంగులో కొద్దిగా రావడం, కళ్ళు తిరగడం, పిక్కలు పట్టేయడం హెచ్చరికలు. పేగు నల్లబడినా, సంచిలోనికి ఏమీ రాక కడుపునొప్పితో వాంతులైనా, జ్వరం వచ్చినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. రోగులు ఉపవాసాలను తరువాతి రోజులకు వాయిదా వేసుకోవచ్చునని అల్ బఖరా సూరా 185వ ఆయతు అనుమతిస్తున్నది. ఆ అనుమతిని వినయంతో స్వీకరించాలి.

తొలి వారాల్లో అన్నం, పెరుగు, అరటిపండు కొద్దికొద్దిగా, బాగా నమిలి తినాలి. కొబ్బరి, మొక్కజొన్న గింజలు పేగులో అడ్డుపడవచ్చు. కనీసం ఆరు వారాలు నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్ వంటివి ఎత్తరాదు. తట్టా చెమ్మస్ పట్టిన చేతులకు ఊరక కూర్చోవడం కష్టమే. కాని తొందరపడితే కుట్ల చోట హెర్నియా రాగలదు. తిరిగి విధుల్లో చేరే మాట వైద్యులే తేల్చాలి. గాయం మానేవరకు సజ్దాను సైగతో చేయవచ్చు.

ఇంటివారి బాధ్యత

1954లో ఎలిజ్ సోరెన్‌సెన్ అనే డెన్మార్క్ నర్సు, ఇటువంటి ఆపరేషన్ తరువాత నలుగురిలోకి వెళ్ళడానికి భయపడిన తన సోదరి కోసం, శరీరానికి అతుక్కునే సంచిని ఆలోచించారు. అది ఒక సోదరి ప్రేమ నుండి పుట్టిన వస్తువు. మన ఇళ్ళలోనూ ఆ ప్రేమే కావాలి. ముక్కు మూసుకోవడం, గుసగుసలాడడం, వేరే పళ్ళెం పెట్టడం రోగిని ఆపరేషన్ కంటే ఎక్కువగా గాయపరుస్తాయి. మన స్త్రీలైతే ఇటువంటి జబ్బును ఇంకా లోతుగా దాచుకుంటారు. వారిని ఇంటివారే ముందుగా, మృదువుగా అడగాలి.

కొన్ని వారాల తరువాత ఆ సోదరుని భార్య ఫోన్ చేశారు. “మొన్న జుమాకు వెళ్ళివచ్చారు. చివరి వరుసలో కుర్చీ వేసుకున్నారట. వచ్చి కడుపునిండా అన్నం తిన్నారు” అన్నారు.

అల్లాహ్ రోగులందరికీ స్వస్థతను, వారికి సేవచేసేవారికి సహనాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.