దావీదును అడ్డం పెట్టుకోవద్దు

ఎవరైనా పెద్దమనిషి తప్పు బయటపడగానే మన దగ్గర అందరికీ దావీదు గుర్తొస్తాడు. "దావీదంతటోడే పడ్డడు, అయినా దేవుడు వాడుకోలేదా?" మా తిరుమలగిరి దిక్కు ప్రార్థన కూటాల్లో ఈ మాట ఎన్నిసార్లు విన్ననో లెక్కలేదు. చర్చి గడప తొక్కని సాహిత్య మిత్రులు కూడా ఇదే వాదం వేరే మాటల్లో చెప్తరు: మనిషి ఎట్లాంటోడైతే ఏంది, రచన గొప్పది కదా! లోపమున్న మనిషి చేతుల మీదుగా మంచి జరగడం నిజమే కావచ్చు. దాన్ని ఆ మనిషిని ప్రశ్నించొద్దనే ఆజ్ఞగా మార్చడమే మోసం.

అసలు గ్రంథం ఏం చేసిందో చూడండి. సమూయేలు రెండో గ్రంథం 7వ అధ్యాయంలో దేవుడు దావీదు వంశానికి వాగ్దానం చేశాడు. 11వ అధ్యాయంలో అదే దావీదు ఊరియా భార్య బత్షెబను పిలిపించుకున్నాడు. ఊరియా చావుకు ఉత్తరం రాసి, దాన్ని ఊరియా చేతికే ఇచ్చి పంపాడు. 12వ అధ్యాయంలో నాతాను ప్రవక్త వచ్చి రాజు మొహం మీదే నిలదీశాడు. వాగ్దానం రద్దు కాలేదు, నేరమూ రద్దు కాలేదు. 23వ అధ్యాయంలో దావీదు పరాక్రమశాలుల జాబితా ఉంది. మొత్తం 37 మంది. ఆఖరి పేరు ఊరియాది.

దినవృత్తాంతముల మొదటి గ్రంథం 20వ అధ్యాయం కూడా అదే యుద్ధంతో మొదలవుతుంది. బత్షెబ సంగతి మాత్రం దాటేస్తుంది. మన సన్మాన సంచికలూ సంస్మరణ వ్యాసాలూ ఈ పద్ధతిలోనే వస్తున్నయి. హెబ్రీ లేఖనాలను కూర్చినవాళ్లు రెండు కథనాలనూ ఉంచారు. మనం ఒక్కటే ఉంచుతున్నం.

ఇందులో 'కృప' అనే మాటకూ పాత్ర ఉంది. హెబ్రీ 'హెసెద్'ను తెలుగు బైబిల్ తరచుగా కృప అంటుంది. మన చెవికి అది దొర దయతలచి వదిలేసినట్టు వినిపిస్తది. హెసెద్‌లో ఉన్నది బంధానికి కట్టుబడటం, మాట నిలబెట్టుకోవడం. 136వ కీర్తనలో 26 వచనాల్లోనూ అదే పల్లవి. ఐగుప్తు చెర నుంచి జనాన్ని విడిపించడం ఆ కీర్తనలో ముఖ్యమైన ఘట్టం.

ఆ ఐగుప్తు చాకిరీకి తెలుగు బైబిల్ వాడిన మాట 'వెట్టి'. నల్గొండ వాళ్లకు ఈ మాటను ఎవరూ వివరించక్కర్లేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటానికి ఒక మూలం అదే. దావీదు కొడుకు సొలొమోను మందిరం కోసం 30,000 మందిని వెట్టికి పెట్టాడని రాజుల మొదటి గ్రంథం 5వ అధ్యాయం లెక్క చెప్తుంది. 12వ అధ్యాయంలో జనం ఆ భారం తగ్గించమని కొత్త రాజును అడిగారు. కాదన్నాడు. రాజ్యం రెండు ముక్కలైంది. మందిరం గొప్పదని పొగిడిన పుస్తకమే వెట్టి లెక్కనూ దాచలేదు.

దేవుడు లోపమున్నోళ్లతోనే పనిచేస్తాడని నేనూ నమ్ముతా. లేకపోతే ఆయనకు మనుషులే దొరకరు. కానీ ఆ మాట దెబ్బతిన్నవాళ్లకు ధైర్యం ఇవ్వాలి గాని, దెబ్బకొట్టినోళ్లకు డాలు కాకూడదు. రేపు ఎవరి కోసమన్నా దావీదు పేరెత్తితే, నాతానును కూడా లోపలికి రానియ్యండి. ఊరియా పేరు కూడా చదవండి.